అతుకుల బొంత

మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న హితబోధ ఒకటి ఉంది: చేతిలో ఉన్న పని ముగిసిన తరువాతే మరొక పని చేపట్టాలి. చదువుకొనే పిల్లలకూ, ఉద్యోగంలో చేరిన యువకులకూ, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకూ పెద్దలు ఈ మాట చెబుతూనే ఉంటారు. మాట మంచిదే. కాని సూది, దారం, ఊలు పట్టుకొన్న ఇల్లాలి విషయంలో అది ఎంతవరకు వర్తిస్తుందన్నది ఆలోచించవలసిన సంగతి.

ప్రస్తుతం మా ఇంట్లో సగంలో ఉన్న పనులు ఏడు. సంక్రాంతికి మా మేనకోడలు కట్టుకోవలసిన పట్టు పరికిణీ, జాకెట్టు ఒకటి. ఉత్తరాదిన చదువుకొంటున్న మా అబ్బాయికి స్వెట్టరు ఒకటి. వెనుక భాగం, ముందు భాగం, ఒక చేయి అయ్యాయి, రెండవ చేయి మోచేతి దగ్గర ఆగింది. ఎదురింటివారి పసిబిడ్డకు టోపీ, మేజోళ్ళు. మా అమ్మ నేతచీరలతో మూడు బొంతలు. వీటికి తోడు అమ్మ సగంలో వదలి వెళ్ళిన లేసు టేబుల్ క్లాతు. బ్రతుకు తెరువుకు నేను చేసే అనువాదాలు ఈ లెక్కలో చేరవు.

ఆమధ్య మా ఇంటికి వచ్చిన బంధువు ఒకరు అల్మరాలో వరుసగా వ్రేలాడుతున్న సంచులను చూసి, "ఇన్ని మొదలుపెట్టే బదులు ఒక్కటి ముగించకూడదా, అమ్మాయీ?" అన్నారు. ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు; నిజమైన ఆశ్చర్యమే ఉంది. "ఒక్కటే ఉంటే అది కూడా ముగియదు, బాబాయిగారూ" అని నవ్వి ఊరుకొన్నాను. ఆ జవాబునే ఇక్కడ కొంచెం విపులంగా చెప్పాలని నా ప్రయత్నం.

ముక్కలుగా దొరికే కాలం

కొందరికి కాలం బట్టల కొట్టులోని తానులా దొరుకుతుంది. గజాల కొద్దీ విప్పుకొని, కావలసినంత మేర కత్తిరించుకోవచ్చు. అటువంటి వారికి పెద్దల హితబోధ చక్కగా సరిపోతుంది. ఇల్లు నడిపేవారికి మాత్రం కాలం ముక్కలుగానే దొరుకుతుంది.

2019లో మన దేశంలో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులలో పాల్గొనే స్త్రీలు వాటిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. పాల్గొనే పురుషులు 97 నిమిషాలు. ఈ 299 నిమిషాలు ఒక్కచోట పోగుపడి ఉంటే మిగిలిన రోజంతా మన సొంతమయ్యేది. కాని అవి తెల్లవారుజాము నుండి రాత్రి వరకు చల్లినట్లు ఉంటాయి. వాటి మధ్య మిగిలే ఖాళీలు కూడా అదే తీరున చెదిరి ఉంటాయి: పప్పు ఉడకడానికి పట్టే ఇరవై నిమిషాలు, వైద్యుని గది ముందు గడిచే గంట, మధ్యాహ్నం ఇంట్లో అలికిడి లేని రెండు గంటలు, రాత్రి భోజనాల తరువాత అందరూ ఒకచోట కూర్చొనే అరగంట.

ఈ ఖాళీలలో ఏ రెండూ ఒక తీరువి కావు. పప్పు ఉడికేటప్పుడు చేయి ఖాళీగా ఉంటుంది గాని చెవి ఖాళీగా ఉండదు. వైద్యుని గది ముందు కాలమంతా మనదే, కాని ఒళ్ళో పట్టేంత చోటే ఉంటుంది. రాత్రిపూట మనుషులు ఉంటారు, వెలుతురు చాలదు. పని ఒక్కటే పెట్టుకొంటే అది ఈ ఖాళీలలో ఏ ఒక్కదానికో సరిపోతుంది. మిగిలినవన్నీ వృథా అవుతాయి. నాలుగు రకాల పనులు సిద్ధంగా ఉంటే నాలుగు రకాల ఖాళీలూ ఉపయోగపడతాయి. నేను చెప్పదలచినదంతా ఇంతే. అయితే ఏ పని ఏ ఖాళీకి తగినదో తెలియాలంటే ఆ పనుల స్వభావం తెలిసి ఉండాలి.

నాలుగు పనులు, నాలుగు తీర్లు

కుట్టుమిషను పనికి తెగని కాలం కావాలి. బట్ట పరచి, సుద్దతో గీతలు గీసి, కత్తిరించి, కచ్చాకుట్టు వేసి మిషను ముందు కూర్చొనేసరికే ముప్పావు గంట గడుస్తుంది. అందులోనూ పట్టుబట్ట జారుడు స్వభావం కలది. సూది గుచ్చిన చోట దానిపై గుర్తు మిగిలిపోతుంది కనుక, కుట్టు విప్పి తిరిగి వేసే సావకాశం నూలుబట్టకు ఉన్నంతగా దానికి లేదు. పగటి వెలుతురు కావాలి, మనసు నిలకడగా ఉండాలి, మిషను చప్పుడుకు ఎవరి నిద్రా చెడకూడదు. అందుచేత పరికిణీ పని మధ్యాహ్నపు రెండు గంటలకే అంకితం.

ఊలు అల్లిక ఇందుకు పూర్తిగా భిన్నం. పెళ్ళయిన కొత్తలో మేము ఢిల్లీలో ఉండేవాళ్ళం. చలికాలం మధ్యాహ్నాలు మా వీధి ఆడవాళ్ళంతా డాబాల మీద ఎండలో కూర్చొని, వేరుసెనగకాయలు వొలుచుకొంటూ స్వెట్టర్లు అల్లేవారు. మా పక్కింటి పంజాబీ ఆవిడ నా చేతిలో రెండు సలాయిలు పెట్టి, సూదిపై నిలిచే ఉచ్చును 'ఫందా' అంటారనీ, 'సీధా', 'ఉల్టా' అనే రెండు కుట్లు వస్తే చాలు, ఎటువంటి స్వెట్టరైనా అల్లవచ్చుననీ చెప్పింది. ఆమె మాటలో అతిశయోక్తి పాలు తక్కువే. చూడటానికి ఎంత చిక్కుగా కనిపించే నమూనా అయినా చాలావరకు ఆ రెండు కుట్ల కూర్పే. సూదుల నంబర్లది మాత్రం తలక్రిందుల లెక్క: ఎనిమిదవ నంబరు సూది కంటె పదవ నంబరు సూది సన్నం. అంచుకు సన్నసూది వాడి, ఒంటికి అంతకంటె లావుసూది వాడతారు.

చేయి తిరిగిన తరువాత సాదా అల్లికకు కన్నుతో పని లేదు. బస్సులో, బ్యాంకు వరుసలో, ఫోనులో మాట్లాడేటప్పుడు వ్రేళ్ళే చూసుకొంటాయి. కాని దీనికొక నియమం ఉంది. ఊలు అల్లికలో వరుసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూదిపై ప్రాణంతో ఉంటాయి. సూది జారితే నూరు ఉచ్చులూ ప్రమాదంలో పడతాయి. కనుక వరుస మధ్యలో లేవకూడదు. చివరి ఉచ్చు వరకు వచ్చిన తరువాతే సంచిలో పెట్టాలి.

లేసు అల్లిక సంగతి వేరు. కొక్కెపు సూదిపై ప్రాణంతో ఉండేది ఒకే ఒక్క ఉచ్చు. వెనుకటివన్నీ అప్పటికే బిగిసి ఉంటాయి. ఆ ఒక్క ఉచ్చును కొంచెం పొడుగు లాగి వదలి, ఎసట్లో బియ్యం పోయడానికి లేచి వెళ్ళవచ్చు. పిల్లవాడు ఏడిస్తే ఎత్తుకొని తిరిగి, అరగంట తరువాత వచ్చి అదే ఉచ్చులో సూది పెట్టవచ్చు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఈ పని అక్కడి ఇళ్ళలో అంత లోతుగా పాతుకొనిపోవడానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి అని నా ఊహ.

ఇక బొంత. ఇది నేలమీద పరచుకొని చేసే పని. ఎక్కడ ఆపినా నష్టం లేదు. ఆగినచోటనే సూది గుచ్చి లేవవచ్చు. పైగా నలుగురు కలిసి చేయగల పని. మా అత్తగారికి డెబ్బై ఆరు సంవత్సరాలు. సూదిలో దారం ఎక్కించడం ఆవిడకు కష్టమే గాని, కుట్టు మాత్రం నా కుట్టు కంటె సూటిగా వస్తుంది. రాత్రి నేను పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి ఉంచుతాను. మరునాడు అవి అయ్యేదాకా ఆవిడ కుడతారు. అయిపోగానే, "అమ్మాయీ, నా సూదులు ఖాళీ అయినాయి" అని కేక వేస్తారు. ఆ కేకలో ఒక అధికారం ఉంటుంది. ఇంట్లో తన పాలు పని తాను చేసిన మనిషి అధికారం అది.

సంచి, చీటీ

ఏడు పనులు కలగాపులగం కాకుండా ఉండాలంటే కొంత కట్టుబాటు అవసరం. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గుడ్డసంచి. ఆ పనికి కావలసిన సూది, దారం, చిన్న కత్తెర అందులోనే ఉండాలి. ఒక సంచిలోని వస్తువు మరొక సంచిలోకి పోకూడదు. సూది కోసం వెతకడంలోనే ఆ పదిహేను నిమిషాలూ గడిచిపోతే ఇక కుట్టేది ఎప్పుడు?

ప్రతి సంచిలోనూ ఒక చీటీ ఉంటుంది. పని ఆపేటప్పుడు, ఎక్కడ ఆగానో, తరువాత చేయవలసినది ఏమిటో అందులో వ్రాస్తాను. స్వెట్టరు సంచిలోని చీటీ ఈ విధంగా ఉంది: "రెండవ చేయి. 62 వరుసలు అయినాయి. ప్రతి ఆరవ వరుసలో రెండు పక్కలా ఒక్కొక్క కుట్టు పెంచుతూ పోవాలి." పది రోజుల తరువాత సంచి తెరిచినా వెతుకులాట ఉండదు. ఈ అలవాటు నాకు అనువాదం వల్ల అబ్బింది. రాత్రి పుస్తకం మూసేముందు, మరునాడు ఎదురుకాబోయే వాక్యంలోని చిక్కు ఏమిటో ఒక కాగితంపై వ్రాసి పెట్టుకొంటాను. మరునాడు కూర్చొనే సమయానికి మనసు అప్పటికే ఆ చిక్కును కొంత విప్పి ఉంచుతుంది.

మరి రెండు నియమాలు. ఒకే తీరు శ్రద్ధ కోరే పనులు రెండు ఒకేసారి చేతబట్టకూడదు. పువ్వుల నమూనాతో స్వెట్టరు అల్లుతుంటే, లెక్కపెట్టి కుట్టవలసిన ఎంబ్రాయిడరీ మొదలుపెట్టను; రెండు లెక్కలు ఒక తలలో ఇమడవు. తేదీ ఉన్న పని తేదీ లేని పనికంటె ముందు నడవాలి. బొంత వచ్చే ఏడాదికి అయినా బొంతే. పసిబిడ్డ తల మాత్రం మన టోపీ కోసం ఆగదు.

చివరగా, మా అల్మరాలో మేకులు ఏడు. ఎనిమిదవ మేకు కొట్టే ఉద్దేశం నాకు లేదు. ఒక సంచి ఖాళీ అయితేనే కొత్త పనికి చోటు. రైతు కందిచేలో జొన్న కూడా చల్లితే ఎవరూ అతణ్ణి చంచలుడని అనరు. నేలను తెలిసినవాడని అంటారు. ఇంట్లోని కాలాన్ని తెలిసి నాలుగు పనులు చల్లుకొన్న ఇల్లాలికి ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

తీరిక అనే మాట

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మకు పెళ్ళికి ముందు నుండే లేసు పని వచ్చు. దారం ఇచ్చి, తయారైన లేసు తీసుకొని, ముక్కకు ఇంత అని లెక్కకట్టి ఇచ్చే మనిషి వారానికి ఒకసారి వచ్చేవాడు. నా బి.ఏ. మొదటి సంవత్సరపు పరీక్ష ఫీజు ఆ లేసు డబ్బే. అయినా జనాభా లెక్కలవారు వచ్చి, ఇంటి ఆవిడ ఏమి చేస్తారని అడిగినప్పుడు, "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని మా నాన్నగారు చెప్పడం నాకు బాగా జ్ఞాపకం. ఆయన అబద్ధమాడలేదు. ఆ పనిని పని అనాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు.

ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చదివే రోజులలో గ్రంథాలయంలో ఒక పుస్తకం నా కంటబడింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మా నరసాపురం లేసు పనివారిని గురించి వ్రాసిన ఆ పుస్తకం 1982లో వెలువడింది. ఇంట్లో కూర్చొని ప్రపంచ విపణికి సరుకు తయారుచేసే స్త్రీలను, వారిచేత పని చేయించుకొనేవారు 'తీరిక సమయంలో ఏదో అల్లుకొనే గృహిణులు'గానే చూస్తారనీ, అలా చూడటం వల్లనే అంత తక్కువ కూలి చెల్లుబాటు అవుతున్నదనీ ఆమె వాదం. షేక్స్పియరునూ మిల్టనునూ చదవడానికి ఊరు విడిచి అంత దూరం వచ్చిన నాకు, ఆ ఇంగ్లీషు పుటలలో మా అరుగు కనిపించింది. అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చొన్న మా అమ్మ కనిపించింది.

సెలవులకు వెళ్ళినప్పుడు ఆ వాదాన్ని అమ్మకు తెలుగులో చెప్పాను. బహుశా నా మొదటి అనువాదం అదే. ఆమె అల్లిక ఆపకుండా అంతా విని, "తీరికా? తీరికే ఉంటే నడుం వాల్చేదాన్ని గదే!" అన్నది.

ఆ మాట నేను మరచిపోలేదు. కుట్టు, అల్లిక చేసే స్త్రీని చూసి 'మంచి కాలక్షేపం' అనేవారు ఇప్పటికీ ఉన్నారు. నా విషయంలో అందులో కొంత నిజం ఉంది. స్వెట్టరు నేను కొనగలను. అల్లడం నా ఇష్టం. కాని అదే సూది పట్టుకొని బియ్యం డబ్బు సంపాదించుకొన్నవారి పనికి కూడా అదే పేరు పెట్టడం న్యాయం కాదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ వార్త చదివి సంతోషించాను. ఒక్కొక్క పువ్వుకు పట్టే గంటలకు కూలి ఏమాత్రం అన్న ప్రశ్న మాత్రం ఆ గుర్తింపుతో తీరేది కాదు.

అమ్మ చీరలు

అమ్మ పోయిన తరువాత, సంవత్సరీకాలు అయినాక ఆమె ట్రంకు పెట్టె తెరిచాము. పట్టుచీరల సంగతి సులువుగానే తేలింది. మిగిలినవి తొమ్మిది నేతచీరలు: బండారులంకవి, మంగళగిరివి, వెంకటగిరివి. ఏళ్ళ తరబడి ఉతుకులతో వెన్నలా మెత్తబడినవి. మూడేసి చీరలతో ఒక బొంత చొప్పున నాకూ, చెల్లెలికీ, తమ్ముడికీ మూడు బొంతలు కుడదామని నేను అన్నాను. చెల్లెలు ఒప్పుకోలేదు. "చీరలుగా ఉంటేనే అవి అమ్మ చీరలు, అక్కా. ముక్కలైతే గుడ్డలు" అన్నది. ఆ మాటలో న్యాయం లేదని నేను అనలేకపోయాను. చీరలు తిరిగి పెట్టెలోకి వెళ్ళాయి.

ఎనిమిది నెలల తరువాత వేసవి సెలవులకు ఆమె మా ఇంటికి వచ్చింది. ఇద్దరం కలిసి పెట్టె తెరిచాము. అన్నిటికంటె పైన ఉన్న మంగళగిరి చీర మడత విప్పగానే మడత పొడుగునా చిట్లి ఉంది. వాడని నూలుబట్ట మడతల దగ్గర తనంతట తానే బలహీనపడుతుంది. చెల్లెలు ఆ చిట్లిన గీతను చాలాసేపు చూసింది. "ఇది పెట్టెలో ఉండి కూడా చిరిగిపోతోందే" అన్నది. తరువాత ఏమీ అనకుండా కత్తెర తీసుకొని, అంచు దగ్గర అంగుళం మేర గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకొని చింపింది. నేతచీరను కత్తెరతో కోయనక్కరలేదు. గాటు పెట్టి చింపితే పోగు వెంట గీత గీసినట్లు చిరుగుతుంది. మా చిన్నప్పుడు అమ్మ అలాగే చింపేది. ఆ చప్పుడు విని అత్తగారు పక్కగదిలో నుండి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎవరమూ మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం తొమ్మిది చీరలనూ చెల్లెలే చింపింది.

ఆరు గజాల చీర ఒకటి మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి సుమారు 1.8 మీటర్ల పొడుగు వస్తుంది. మూడు చీరలకు తొమ్మిది ముక్కలు. రెండేసి ముక్కలు పక్కపక్కన అతికితే దాదాపు 2.2 మీటర్ల వెడల్పుతో ఒక పొర. ఎనిమిది ముక్కలకు నాలుగు పొరలు. మిగిలిన తొమ్మిదవ ముక్క చిరుగుల మీద అతుకులకూ, చుట్టూ అంచుపట్టీకీ సరిపోతుంది. రెండు సెంటీమీటర్లకు ఒక వరుస చొప్పున కుడితే 110 వరుసలు. అంటే ఒక బొంతలో దాదాపు 200 మీటర్ల కుట్టు. సెంటీమీటరుకు ఒక కుట్టు అనుకొన్నా ఇంచుమించు 20,000 కుట్లు. నా చేతివేగం గంటకు మూడు వరుసలు. ఒక బొంతకు దాదాపు 37 గంటలు, మూడింటికి 110 గంటలు. ఇంత కాలం ఒక్కసారిగా నాకు ఎవరు ఇస్తారు? ఏ జన్మకూ దొరకదు. రోజుకు అరగంట చొప్పున మాత్రం తప్పక దొరుకుతుంది. మొదటి బొంత ఇప్పుడు సగం దాటింది. అది చెల్లెలిది.

ఈ పని మన ఒక్క ప్రాంతానిదే కాదు. కర్ణాటకలో కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి. బిహారులో సుజని, బెంగాలులో కాంథా, సింధు ప్రాంతంలో రల్లి. సంస్కృతంలో కంథ అంటే అతుకులు వేసి కుట్టిన బొంతే. బౌద్ధ భిక్షువులు ధరించే చీవరం కూడా ముక్కలు కలిపి కుట్టినదే. మగధ దేశంలో గట్లు తీర్చిన వరిమళ్ళను బుద్ధుడు చూపించగా, ఆనందుడు ఆ మళ్ళ తీరున ముక్కలు కూర్చి చీవరం కుట్టించాడని వినయపిటకం చెబుతున్నది. జసీముద్దీన్ 1929లో వెలువరించిన బెంగాలీ కథాకావ్యంలో ఒక పల్లెపడుచు తన జీవితగాథనంతా కాంథాపై కుట్టి, తన సమాధిపై దానిని పరచమని కోరుతుంది. మనవైపు కొత్తగా పుట్టిన బిడ్డకు పురుడు వెళ్ళేదాకా కొత్తబట్ట తొడగరు. ఇంటి పెద్దల పాతచీరలు చింపిన మెత్తని గుడ్డలే పొత్తిళ్ళు. మనిషి ఒంటికి తగిలే మొదటి బట్ట మరొకరు కట్టి విడిచినది కావడం ఈ నేల మీద ఎవరికీ చిన్నతనంగా తోచలేదు.

రెండువైపులా ఒకటే

అయినా మన భాషలో 'అతుకుల బొంత' అన్నది నిందావాక్యమే. పొందిక లేని వ్రాతను గాని, తొందరలో కుదిర్చిన ఏర్పాటును గాని తీసిపారేయాలంటే ఆ మాట వాడతారు. నా అనువాదం ఒకదానిని సమీక్షించిన పెద్దమనిషి కూడా ఆ మాటే వాడారు. ఆయన ఎన్నడైనా బొంత కుట్టారా అని నాకు సందేహం.

అనువాదం చదవడమంటే చిత్రవస్త్రాన్ని వెనుకవైపు నుండి చూడటం వంటిదని సెర్వాంటిస్ తన డాన్ క్విక్సోట్ రెండవ భాగంలో, 1615లో, ఒక పాత్రచేత అనిపించాడు. బొమ్మలు తెలుస్తాయి గాని దారాల చిక్కు వాటిని మరుగుపరుస్తుందని ఆయన భావం. చిత్రవస్త్రం విషయంలో అది నిజమే. బొంతకు మాత్రం ఈ మాట వర్తించదు. బొంతకు వేసేది సాదా కుట్టు. సూది పైకి వచ్చినంత మేర క్రిందికి కూడా పోతుంది కనుక అది రెండువైపులా ఒక్క తీరునే కనిపిస్తుంది. ఏది పైవైపో, ఏది వెనుకవైపో కప్పుకొనేవారికి పట్టింపు ఉండదు. నా అనువాదాలలో ఒక్క పుట ఆ విధంగా కుదిరినా నాకు చాలు.

ఇంగ్లండులో జేన్ ఆస్టిన్ నవలాకర్త్రిగా ప్రసిద్ధురాలు. చాటన్ గ్రామంలో ఆమె నివసించిన ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. ఆమె, ఆమె అక్క, తల్లి కలిసి కుట్టిన అతుకుల దుప్పటి నేటికీ అక్కడ ఉంది. 1811 మే నెలలో అక్కకు వ్రాసిన ఉత్తరంలో, అతుకుల పనికి గుడ్డముక్కలు పోగుచేయడం మరవలేదు గదా అని ఆమె గుర్తుచేసింది. ఆ సంవత్సరం అక్టోబరులోనే ఆమె మొదటి నవల అచ్చయింది. చిత్తుప్రతి ఒక ప్రక్క, ముక్కల మూట మరొక ప్రక్క పెట్టుకొన్నందుకు ఆమె నవలలకు ఏ లోటూ రాలేదు.

భాషకు ఈ బంధుత్వం ముందే తెలుసు. సూత్రమంటే దారం. గ్రంథమంటే ముడివేసి కూర్చినది. కథను అల్లుతామంటాము, బుట్టను అల్లుతామంటాము, స్వెట్టరునూ అల్లుతామంటాము. పెద్దన కవిత్వాన్ని మనవారు మెచ్చుకొన్నది 'అల్లిక' అనే మాటతోనే.

ఇక ఏడవ సంచి మిగిలింది. అందులోని లేసు టేబుల్ క్లాతుకు అమ్మ అనుకొన్నవి 64 పువ్వులు. ఆమె అల్లినవి 41. నలభై రెండవ పువ్వు మూడు రేకుల దగ్గర ఆగి ఉంది. ఉచ్చులో సూది అలాగే ఉంది. నమూనా ఆమె ఎక్కడా వ్రాసిపెట్టలేదు. కాబట్టి అల్లిన పువ్వులనే ముందు పెట్టుకొని, భూతద్దంతో గొలుసులు లెక్కపెట్టి, ఆమె ఏ ఉచ్చు తరువాత ఏ ఉచ్చు వేసిందో చదువుకొన్నాను. మూలం ముందు అనువాదకురాలు కూర్చొన్నట్లే కూర్చొన్నాను. అమ్మ చేయి బిగువు, నా చేయి వదులు. నా పువ్వులు ఆమె పువ్వులకంటె ఒక వెంట్రుకవాసి పెద్దవి. ఆమె పని ఎక్కడ ముగిసిందో, నా పని ఎక్కడ మొదలైందో వ్రేలితో తడిమితే తెలుస్తుంది. దానిని దాచాలని నాకు లేదు.

దీనికి తేదీ లేదు. రోజు విడిచి రోజు, అత్తగారి సూదులకు దారాలు ఎక్కించిన తరువాత, నిద్రకు ముందు మిగిలే పావుగంట దీనిది. మొన్న రాత్రి 47వ పువ్వు ముగిసింది. రేపు మధ్యాహ్నం జాకెట్టుకు హుక్కులు కుట్టాలి.